బొమ్మల్లో మన జేజి ఎప్పుడొస్తుంది?

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కితే దారి పొడవునా మెట్టే. దగ్గర్లోనే పెన్న మీద సోమశిల జలాశయం ఉన్నా, ఇక్కడ చాలా ఊళ్లకు వానే దిక్కు. వాన మొహం చాటేసిన ఏడు బెంగళూరుకో చెన్నైకో గల్ఫుకో పోయేవాళ్లు పోతారు. ఇంట్లో జేజి, అదే నాయన తల్లి, మనవడు, టీవీ మిగులుతారు.

ఉదయగిరి అనగానే అందరూ దుర్గం గురించి చెబుతారు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న కోట అది. నేను చూడమనేది మాత్రం కొండ కింద చెక్క గరిటెలు చేసే ఇళ్లను. నర్ది, బిక్కి, దేవదారి చెక్కతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. ఒకరు కోస్తే ఇంకొకరు చెక్కుతారు, మరొకరు ఆకురాయి పట్టి అరగదీస్తారు, చివరికి గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తేగానీ గరిటె గరిటె కాదు. ఈ పని చేసేవాళ్లలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. వాళ్ల పిల్లలు దాదీ, నానీ అంటారు. పక్కింటి పిల్లలు జేజి, అమ్మమ్మ అంటారు. నాయన తల్లి వేరు, అమ్మ తల్లి వేరు అని రెండిళ్లలోనూ తెలుసు.

ఇలాంటి నిండు ఇల్లు టీవీలో పిల్లలు చూసే బొమ్మల కథల్లో ఉందా అంటే, అమెరికాలో ఉంది. నికెలోడియన్ 2016లో ‘ద లౌడ్ హౌస్’ మొదలుపెట్టింది. అందులో పదకొండు మంది పిల్లలు, పదిమంది ఆడపిల్లల మధ్య ఒక్కడే మగపిల్లాడు. దాన్నుంచి 2019లో ‘ద కాసాగ్రాండెస్’ పుట్టింది. మెక్సికో మూలాలున్న కుటుంబం, కింద తాత అంగడి, పైన అందరి కాపురం. రోనీ ఆన్ అనే పిల్ల తల్లితో, అన్నతో కలిసి అక్కడికి చేరుతుంది. ఆ ఇంట్లో కార్లోటా ఆమెకు ఏమవుతుందంటే ఇంగ్లిషులో ‘కజిన్’ అని ఊరుకుంటారు. కార్లోటా మేనమామ కూతురు, పైగా పెద్దది. ఉదయగిరి పిల్ల తడుముకోకుండా ‘వదిన’ అంటుంది. కార్లోటా తమ్ముడు సీజే కూడా రోనీ కంటే పెద్దవాడే గనక బావ. ఈ కథను తెలుగు చేసేవాళ్లు అందరినీ ‘కజిన్’ చేసేస్తే సగం ఇల్లు కూలిపోయినట్టే.

మనకు చేతకాక కాదు. పిల్లలంతా చూసే ‘ఛోటా భీమ్’ 2008లో వచ్చింది, చేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్. కానీ భీముడి కథంటే నూటఐదుగురు అన్నదమ్ముల కథ. ఢోలక్‌పూర్ భీమ్ ఇంట్లో తల్లి ఒక్కతే. స్నేహితులున్నారు గానీ పెదనాన్న లేడు, పినతల్లి లేదు. తోలుబొమ్మలాటలో భారతం ఆడినప్పుడు తెర మీద ఆ కుటుంబం కుటుంబమే కదిలేది. తెల్లవార్లూ కూర్చుని చూసినవాళ్లకు ఎవరు ఎవరికి ఏమవుతారో వేరే చెప్పే పని ఉండేది కాదు.

తల్లిదండ్రులు ఊళ్లో లేని పిల్లాడికి చుట్టరికం ఇప్పుడు ఫోనులో వినిపించే గొంతు. వాడికి తన యాసలో, తన వరసలతో, గరిటెలు చెక్కే ఇంట్లో జరిగే బొమ్మల కథ కావాలి. హైదరాబాద్‌లో బొమ్మలు గీసే అన్నలారా, అక్కలారా! ఒక్కసారి ఆత్మకూరు దాకా వచ్చి ఉదయగిరి బస్సెక్కండి.