టీటీ వేయించుకుంటే సరిపోతుందా?

కాలికి మేకు దిగినా, మోకాలు గీరుకుపోయినా, కత్తిపీటకు వేలు తెగినా మన ఇళ్లలో వెంటనే వినిపించే మాట: "టీటీ వేయించుకో, లేకపోతే సెప్టిక్ అవుతుంది." ఆరు నెలలు దాటితే మళ్లీ వేయించుకోవాలన్న లెక్క కూడా చాలామందికి కంఠతా వచ్చు. ఈ నమ్మకాన్ని సవరించుకోవాలి. గాయానికి చీము పట్టించేవి వేరే బ్యాక్టీరియా, వాటిని టీటీ ఏమీ చేయలేదు. అది కాపాడేది ఒక్క ధనుర్వాతం నుంచే. చీము పట్టకుండా ఉండాలంటే కుళాయి కింద ధారగా నీళ్లు పోసి, ఇరుక్కున్న మట్టి, పుల్లలు పోయేదాకా కడగాలి. సూది వేయించుకున్నామన్న ధీమాతో ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పనినే.

ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలో, పశువుల పేడలో విత్తనంలా ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. తుప్పుకూ దానికీ చుట్టరికం లేదు. నేలమీద పడున్న మేకుకు మట్టి అంటుకుంటుంది, అది లోతుగా దిగితే లోపల గాలి ఆడదు. ప్రమాదమంతా అక్కడే. గాలి అందని చోట క్రిమి పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలను అదుపులో ఉంచే సంకేతాలను ఆపేస్తుంది. ముందు దవడ బిగుసుకుంటుంది, ఆపై మెడ, వీపు. చిన్న చప్పుడుకే ఒళ్లంతా కొయ్యబారుతుంది. నరాన్ని పట్టుకున్న విషాన్ని విడిపించే మందు లేదు. విచిత్రమేమంటే, జబ్బు వచ్చి తగ్గిన మనిషికి కూడా రోగనిరోధక శక్తి రాదు. అంత స్వల్ప మోతాదుకే ఆ విషం మనిషిని పడగొడుతుంది మరి.

కాబట్టి రక్షణ దెబ్బ తగలకముందే ఒంట్లో ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ముందుగా టీకాలు వేసిన అమెరికా సైన్యంలో లక్షల మంది గాయపడినా, నమోదైన ధనుర్వాతం కేసులు 12 మాత్రమే. మన దగ్గర పసివయసులో వేసే డోసులు, 10, 16 ఏళ్ల బూస్టర్లు ఇందుకే. (టీటీ స్థానంలో ఇప్పుడు డిఫ్తీరియా నుంచీ కాపాడే టీడీ వేస్తున్నారు, పేరు మాత్రం జనం నోట పాతదే.) ఆ డోసులన్నీ పడినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లు, మట్టి పడిన లోతు గాయమైతే ఐదేళ్లు దాటాకే మరో డోసు అవసరం.

"అదనంగా ఒకటి పడితే పోయేదేముంది?" అంటారు. తరచూ వేయించుకుంటే చెయ్యి విపరీతంగా వాచి నొప్పెట్టవచ్చు. అయితే, టీకాల కార్డు లేని మనిషికి డాక్టరు సూది వేయడం తప్పు కాదు, తేదీ తెలియనప్పుడు అదే క్షేమం. అసలు చిక్కు ఒక్క సూదితో సరిపోని వాళ్లది. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది 1985లో. అంతకుముందు పుట్టిన ఆడవాళ్లలో చాలామందికి గర్భిణిగా ఉన్నప్పుడైనా టీటీ పడింది, మగవాళ్లకు ఆ అవకాశం లేదు. పలుగూ పారా పట్టే అరవై ఏళ్ల రైతు చిన్నప్పుడు ఒక్క డోసు కూడా వేయించుకోకపోయి ఉండవచ్చు. అలాంటివారికి మూడు డోసుల కోర్సు పూర్తి కావాలి. మట్టి పడిన లోతు గాయమైతే టీకాతోపాటు అదే రోజు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే పనిచేసే సిద్ధ ప్రతిరక్షకాలు) కూడా ఇవ్వాలి, ఎందుకంటే టీకా పనిచేయడం మొదలుపెట్టేసరికి రోజులు పడుతుంది.