మూలుగలోని కొవ్వు, వంటింటి నూనె

ఏ జబ్బు చేసినా మన ఇళ్లలో పథ్యం మొదట నూనె మీదే పడుతుంది. రక్త క్యాన్సర్ కణాలు కొన్ని కొవ్వును మండించుకుని బతుకుతాయని పదిహేనేళ్లకు పైగా పరిశోధకులు చెబుతున్నారు. ఆ మాట సగమే చెవిన పడితే, వలిసెల నూనెతో వండుకునే, పాడేరు ఏజెన్సీలోని పెదబయలు మండలపు ఇంట్లో కూడా, జబ్బుపడిన పిల్లవాడి కూరలోంచి ఆ నాలుగు చుక్కలూ తీసేద్దామన్న ఆలోచన రావచ్చు. అది పొరపాటు. కొవ్వుకూ రక్త క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం నిజమైనదే, గట్టిదే. కాకపోతే దాన్ని తెంచవలసిన చోటు కణం లోపల ఉంది.

క్యాన్సర్ కణానికి చక్కెరంటే మోజని 1920లలో ఒట్టో వార్‌బర్గ్ చూపించాడు. చాలాకాలం అందరి చూపూ గ్లూకోజ్ మీదే నిలిచిపోయింది. కానీ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ పుట్టే చోటు ఎముక మూలుగ. పెద్దవాళ్ల మూలుగలో సగం, ఒక్కోసారి అంతకు మించి, కొవ్వు కణాలే ఉంటాయి. పక్కనే ఇంత నిల్వ ఉండగా క్యాన్సర్ కణం దాన్ని వాడుకోకుండా ఊరుకుంటుందా? ఊరుకోదని 2016, 2017లలో వెలువడిన పరిశోధనలు చూపాయి. తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా కణాలు పక్కనున్న కొవ్వు కణాలను రెచ్చగొట్టి, వాటి నిల్వను కరిగించి, వచ్చిన కొవ్వు ఆమ్లాలను లాక్కుంటాయి. ఎలుకల్లో కొన్ని ల్యుకేమియా మూలకణాలు మూలుగ బయటి కొవ్వులో కూడా తలదాచుకుని కీమోథెరపీని తట్టుకున్నాయి. కొవ్వు ఆమ్లాలను లోపలికి చేరవేసే సీడీ36 అనే ప్రోటీన్ వాటి పైపొరలో ఉంది. లోపలికి చేరిన కొవ్వు మైటోకాండ్రియాలోకి వెళ్లాలంటే కార్నిటిన్ అనే చిన్న అణువు తోడు కావాలి, సీపీటీ-1 అనే ఎంజైమ్ దారివ్వాలి. ఆ తర్వాత రెండేసి కార్బన్ల చొప్పున కోత. పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లానికి ఏడు కోతలు పడితే, చివరికి దక్కే ఏటీపీ అనే శక్తి అణువులు సుమారు 106. ఒక గ్లూకోజ్ అణువు ఇచ్చేది ముప్పై చిల్లర. ల్యుకేమియా కణానికి ఇది కొట్టిపారేయదగ్గ రాబడి కాదు.

మరి చికిత్స సంగతి? సీపీటీ-1ను అడ్డుకునే ఎటోమాక్సిర్ ఇస్తే ల్యుకేమియా కణాలు తేలిగ్గా చచ్చిపోతున్నాయని 2010లో తేలింది. అంతకంటే నన్ను ఎక్కువగా ఒప్పించిన సాక్ష్యం వెనెటోక్లాక్స్ అనే మందు నుంచి వచ్చింది. తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా ఉండి గట్టి కీమోథెరపీని తట్టుకోలేని వృద్ధులకు అజాసిటిడిన్‌తో కలిపి దీన్ని ఇస్తారు. 2020 నాటి పెద్ద అధ్యయనంలో, అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 9.6 నెలలైతే, రెండూ కలిపి తీసుకున్నవారిది 14.7 నెలలు. ఈ జోడీ ల్యుకేమియా మూలకణాలకు అమైనో ఆమ్లాల ఇంధనం అందకుండా చేస్తుందని పరిశోధకులు గుర్తించారు. రోగం తిరగబెట్టినవారి మూలకణాలను పరీక్షిస్తే, వాటిలో చాలా భాగం కొవ్వు ఆమ్లాల వైపు మళ్లి ఆ లోటు పూడ్చుకున్నాయి. ఒక దారి మూస్తే కణం వెతుక్కునే మరో దారి కొవ్వేనన్నమాట.

అభ్యంతరాలున్నాయి, చిన్నవీ కావు. గుండె కండరం తన శక్తిలో సగానికి పైగా కొవ్వు నుంచే తీసుకుంటుంది. కొవ్వు దహనాన్ని ఆపే మందు రోగి గుండెను వదిలేస్తుందా? ఎటోమాక్సిర్‌ను గుండె జబ్బుకే మందుగా పరీక్షించినప్పుడు కాలేయానికి హాని కనబడి ఆపేశారు. పైగా ప్రయోగశాలల్లో వాడిన పెద్ద మోతాదుల్లో అది సీపీటీ-1తో పాటు ఇతర ప్రక్రియలనూ దెబ్బతీస్తుందని 2018లో తేలింది కాబట్టి, పాత ఫలితాల్లో కొన్నింటిని మళ్లీ తూచి చూడాలి. రక్త క్యాన్సర్లన్నీ ఒకటి కూడా కావు. 2017లో ఎలుకలను ఉపవాసం ఉంచితే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అణిగింది, మైలాయిడ్ ల్యుకేమియా లొంగలేదు. ఒక రకంలో దొరికిన సూత్రాన్ని ఇంకో రకానికి అతికించబోతే దెబ్బతింటాం.

ఇవన్నీ ఒప్పుకున్నా దారి మూసుకుపోలేదంటాను. దానికి ఆధారం మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించినది ఆయనే. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా మేలు జరిగింది. ఫోలిక్ ఆమ్లం (ఆకుకూరల్లోని ఫోలేట్) ల్యుకేమియాను ఎగదోస్తోందన్న అనుమానం అప్పటికే ఉంది. అయినా ఆకుకూరలు మాన్పించి ఎవరూ ల్యుకేమియాను అణచలేదు. ఫోలేట్‌ను వాడుకునే ఎంజైమ్‌ను కణంలో అమినోప్టెరిన్‌తో అడ్డగించి అణచారు. ఆ మందు కూడా మామూలు కణాలను గాయపరిచేదే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదుల్లో ఇచ్చి, కొంత వ్యవధి ఇచ్చి ఫోలినిక్ ఆమ్లంతో ఆరోగ్యకరమైన కణాలను కాపాడుకునే ఒడుపు తర్వాత వచ్చింది. కొవ్వు దహనాన్ని అడ్డుకునే మందులకు అలాంటి ఒడుపు ఇంకా చిక్కలేదు.

నూనె మానేస్తే పని జరగకపోవడానికి ఇంకో కారణం ఉంది. ల్యుకేమియా కణం గిన్నెలోని నూనె కోసం ఎదురుచూడదు. ఒంట్లోని నిల్వను కరిగించుకుంటుంది, అది చాలకపోతే గ్లూకోజ్‌నుంచి తానే కొవ్వు తయారు చేసుకుంటుంది. వలిసెల నూనెలో ఎక్కువ భాగం లినోలియిక్ ఆమ్లం. దాన్ని మన ఒళ్లు తయారుచేసుకోలేదు. తీసేస్తే నష్టం పిల్లవాడికే.

అమెరికాలో ఊబకాయం ఉన్న పిల్లల్లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ఎక్కువగా తిరగబెడుతోంది కదా అని అడగవచ్చు. నిజమే. పదేళ్లు దాటినవారిలో అది స్పష్టంగా కనిపించింది. కొవ్వు కణాలు డానోరూబిసిన్ అనే కీమోథెరపీ మందును పీల్చుకుని దాని బలం తగ్గిస్తాయని కూడా ప్రయోగాల్లో తేలింది. 2021లో 40 మందికి చికిత్స తొలి నెలలో ఆహార కేలరీలు తగ్గించి వ్యాయామం చేయిస్తే, మిగిలిపోయే క్యాన్సర్ కణాలు తగ్గాయి. కానీ వారిని పోల్చింది అంతకు ముందు చికిత్స పొందినవారితో, అదీ తిండికి కొదవలేని దేశంలో. మన ఏజెన్సీలో పిల్లల కష్టం పోషకాహార లోపం. బక్కచిక్కిన పిల్లలు కీమోథెరపీని తట్టుకోలేరని, ఇన్ఫెక్షన్లకు త్వరగా లోనవుతారని భారతీయ వైద్యులకు బాగా తెలుసు. ఇక్కడే ఒక వింత ఉంది: ఆకలితో ఒళ్లంతా ఎండిపోతున్నా మూలుగలో కొవ్వు తగ్గదు సరికదా, పెరుగుతుంది. తిండి మానుకునే అనొరెక్సియా రోగుల్లోనూ, తిండి తగ్గించిన ఎలుకల్లోనూ ఇది చూశారు. ల్యుకేమియా పక్కన ఉన్న కొవ్వును కరిగించాలని కడుపు మాడ్చుకునేవారికి ఇంతకంటే చెప్పేదేముంది?

కాబట్టి పాడేరు మీదుగా ఘాట్ దిగి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పిల్లవాణ్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు, లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకైతే రెండు మూడేళ్లు సాగే చికిత్సలో చోడి అంబలి, పప్పు, గుడ్డు, నూనె వేసిన కూర పెట్టడానికి జంకనక్కర్లేదు. నూనె తగ్గించవలసిన సందర్భం ఒకటి వస్తే రావచ్చు. లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు ఇచ్చే ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్లతో కలిసినప్పుడు, కొందరి రక్తంలో ట్రైగ్లిజరైడ్లను విపరీతంగా పెంచుతుంది. క్లోమం వాచే ప్రమాదం కూడా ఆ మందుతో ఉంది. కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి తేవాలి. అప్పుడు కొన్నాళ్లు కొవ్వు తగ్గించమని వైద్యులే చెబుతారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రక్తపరీక్ష చూసి వాళ్లే చెబుతారు.