పగులు ఎందుకు పాకుతుంది?

"సార్, ఫోన్ పడింది ఒక్కసారే. మూలన చిన్న పగులొచ్చింది. మళ్లీ పడకుండానే అది సగం దాకా ఎలా పాకింది?" తొమ్మిదో తరగతి కుర్రాడి ప్రశ్న. సిలబస్‌లో లేదు గానీ వదిలిపెట్టబుద్ధి కాలేదు.

గాజు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విరుగుతుంది. ఎందుకో 1920లో ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు చెప్పాడు. నున్నగా కనిపించే గాజు మీద కంటికందని గాట్లుంటాయి; లాగినప్పుడు బలమంతా గాటు మొన దగ్గర పోగవుతుంది. మరి గాటు తెరుచుకోకుండా పైపొరను ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచితే? కారు పక్క అద్దాలకు ఆ పని చల్లగాలి చేస్తుంది. కాగిన అద్దం మీద గాలి కొడితే ముందు పైపొర గట్టిపడుతుంది, తర్వాత లోపలి గాజు ముడుచుకుంటూ దాన్ని బిగిస్తుంది. ఫోన్ అద్దం మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పైనా లోపలా దాదాపు ఒకేసారి చల్లారతాయి, ఆ ఉపాయం పారదు.

అందుకని సురేకారం, అదే దీపావళి మందులో వేసే పొటాషియం నైట్రేట్! సోడియం ఉన్న గాజు పలకను సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన సురేకారంలో గంటల తరబడి ముంచుతారు. గాజు కరగదు. పైపొరలోని సోడియం అయాన్లు బయటికి జారుకుంటే, వాటి చోట్లలోకి మూడో వంతు పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. పిల్లలు దిగిన పల్లెవెలుగు సీట్లో భారీ మనుషులు ఇరుక్కున్నట్టే. పైపొర కిక్కిరిసిపోతుంది. దానికి సరితూగేలా లోపలి గాజు సాగదీసినట్టు ఉండిపోతుంది.

కార్నింగ్ కంపెనీ 1960ల్లోనే ఇలాంటి గాజు చేసింది, కొనేవాళ్లు లేక అటకెక్కించింది. 2007లో ఐఫోన్ దాన్ని కిందికి దింపింది. మిగతా కథ మన జేబుల్లోనే ఉంది.

అలా కిక్కిరిసిన పైపొర లోతు కార్నింగ్ వారి తొలి గొరిల్లా గాజుల్లో కొన్ని పదుల మైక్రాన్లే. తాళంచెవి గీత దాన్ని దాటదు. అలాంటి గీతకు డబ్బు తగలేయకండి. పదునైన కంకర రాయి మీద పడితే మాత్రం దెబ్బ లోపలి సాగుడు దాకా దిగుతుంది. ఇక అక్కడి బలమే పగులును చీలుస్తుంది. గాలిలోని తేమ తోడవుతుంది: నీటి అణువు పగులు మొనలో దూరి సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని తెంచుతుంది. జేబులో వంపు, ఛార్జింగ్ వేడి సరేసరి. కుర్రాడి ఫోన్‌లో జరిగింది ఇదే.

పగులు కొసన మార్కర్‌తో చుక్క పెట్టి చూడండి. దాటలేదా, ఆగొచ్చు. పైన టెంపర్డ్ గ్లాస్ అంటిస్తే వేలికి పెంకు గుచ్చుకోదు, పగులు మాత్రం ఆగదు. చుక్క దాటితే షాపుకి వెళ్లాల్సిందే. అద్దాన్ని డిస్‌ప్లేకి జిగురుతో అతికిస్తారు కాబట్టి చాలాచోట్ల "కాంబో మార్చాలి" అంటారు. ఆ ధర పాత ఫోన్ విలువను మించుతుంటే ఆలోచించండి. ఓలెడ్ తెర మీద నల్లమచ్చ పెరుగుతున్నా, టచ్ తనంతట తానే నొక్కుకుంటున్నా బేరాలు తర్వాత. ముందు ఫొటోలు, నంబర్లు ఇవాళే కాపీ చేసుకోండి. టచ్ పూర్తిగా పోయాక లాక్ తీయడమే పెద్ద తంటా.