దవాఖానకు తోలుకపోయేటోళ్లేరీ?

"బాపూ, డాక్టరు దగ్గరికి పోయినవా?"

"పోయిన బిడ్డా. అంతా మంచిగనే ఉన్నదన్నడు."

పరకాలలోని ఇంటికీ, హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు ఇంటికీ మధ్య ఆదివారం పూట నడిచే మాటలివి. మీ ఇంట్లోనూ నడిచే ఉంటాయి. ఇందులో రెండో మాట ఒక్కోసారి నిజం కాదు. ఆయన పోలేదు. పాత చీటీ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లి, అవే మాత్రలు ఇంకో నెలకు తెచ్చుకున్నారు. పోలేదని చెబితే బిడ్డ సెలవు పెట్టుకుని వస్తాడని, లేదా ఫోన్లోనే కోప్పడతాడని అలా అన్నారు.

ఎందుకు పోలేదని అడిగితే చాలామంది పిల్లలకు తట్టే జవాబులు రెండు: డబ్బు, నిర్లక్ష్యం. మధ్యతరగతి ఇళ్లలో ఈ రెండూ అసలు కారణం కాకపోవచ్చు. డబ్బు ఖాతాలో పడుతూనే ఉంటుంది. తోలుకపోయే మనిషే ఉండరు. పక్కింటాయన్ను ఒకసారి అడిగారు, రెండోసారీ అడిగారు. మూడోసారి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. బతుకంతా ఇంకొకరికి సాయం చేసిన మనిషికి ఈ మొహమాటం చిన్నదేమీ కాదు.

దీని ఖరీదు మాత్రం పెద్దది. నీటికాసుల జబ్బు ఉన్నవారు కంటి చుక్కలు వేసుకుంటున్నా, కంటిలోని ఒత్తిడి ఎంతుందో డాక్టరు కొలిచి చూస్తూ ఉండాలి. ఆ జబ్బులో ఒకసారి పోయిన చూపు మళ్లీ రాదు. షుగరు ఉన్నవారికి ఏడాదికోసారి కంటి వెనుక పొర, మూత్రపిండాలు, పాదాలు పరీక్షించాలి. మూడూ నొప్పి లేకుండా పాడయ్యేవే. ఇంట్లో కూర్చున్న మనిషికి అంతా మంచిగానే అనిపిస్తుంది.

ఒక్క పరీక్షకు ఒక రోజు

పరకాలలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. చిన్నాచితకకు ఊరు దాటక్కర్లేదు. గుండెకో మెదడుకో కంటికో పెద్ద డాక్టరు కావాలంటే మాత్రం హనుమకొండ, లేదంటే వరంగల్ ఎంజీఎం. దూరం దాదాపు 35 కిలోమీటర్లే. కొడుకు కారులో కూర్చుంటే ఆ దూరం తెలియదు. 74 ఏళ్ల మనిషి ఒంటరిగా బయల్దేరితే ఎన్ని మెట్లుంటాయో ఒకసారి లెక్కపెట్టండి.

ఇంటి నుంచి బస్టాండుకు ఆటో. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు మోకాలి నొప్పి ఉన్నవారికి కొండే. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే చాలు, అమ్మకు ఖర్చు తగ్గింది. రద్దీ వేళ సీటు దొరుకుతుందా అన్నది వేరే సంగతి. పెద్దవాళ్లకు కేటాయించిన సీట్లో కూర్చున్న కుర్రాణ్ణి లేవమనడానికి కూడా పక్కన ఒక మనిషి ఉండాలి. దిగాక ఇంకో ఆటో, ఆసుపత్రిలో ఓపీ చీటీ వరస, డాక్టరు గది ముందు వరస, రక్తపరీక్షకు ఇంకో అంతస్తు, రిపోర్టుకు మధ్యాహ్నం దాకా నిరీక్షణ, తర్వాత మళ్లీ డాక్టరు.

ఈ రోజంతటిలో పెద్దవాళ్లు ఎవరికీ చెప్పకుండా చేసే పని ఒకటుంది. దారిలో మూత్రానికి ఇబ్బంది అవుతుందని పొద్దుట నీటి మాత్ర మానేస్తారు, మంచినీళ్లు కూడా తాగరు. గుండె బలహీనంగా ఉన్నవారు ఆ మాత్ర మానేస్తే కాళ్లు వాచి, ఆయాసం వస్తుంది. నీళ్లు తాగకపోతే రక్తపోటు పడిపోయి, కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. ప్రయాణం ఉన్న రోజు ఆ మాత్ర ఏ వేళకు వేసుకోవచ్చో డాక్టరునే అడగండి. చాలామందికి వేళ మార్చే వీలుంటుంది.

పరగడుపు పరీక్ష ఇంకో చిక్కు. ఆరింటికి బయల్దేరిన మనిషి రక్తం ఇచ్చేసరికి పది దాటొచ్చు. ఏమీ తినకుండా షుగరు మాత్రో ఇన్సులినో తీసుకుని బయల్దేరితే, వరసలోనే షుగరు పడిపోయి చెమటలు పడతాయి. అందుకే షుగరు మందు ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే అడిగి రాసి పెట్టాలి. సంచిలో ఇడ్లీ డబ్బా, చిన్న గ్లూకోజు పొట్లం ఉండాలి. పరగడుపు పరీక్షలు పరకాలలోనే చేయించి, రిపోర్టు పట్టుకుని వెళ్లొచ్చా అని ఫోన్లో కనుక్కుంటే సగం రోజు మిగులుతుంది.

కంటి డాక్టరు దగ్గరికైతే ఒంటరిగా అసలు పంపొద్దు. చుక్కలు వేసి కనుపాప పెద్దది చేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ చూపుతో బస్సు బోర్డు చదవడం, రోడ్డు దాటడం ప్రమాదం.

ఒంటరిగా వెళ్లగలరా లేదా అన్నది తేల్చుకోవడానికి ఇంట్లోనే చేయదగ్గ చిన్న పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి మామూలుగా మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. అలాంటివారికి తోడు ఉండాల్సిందే. ఈసారి ఊరొచ్చినప్పుడు మీ ఫోన్లో టైమర్ పెట్టి చూడండి. మనవళ్లతో కలిపి ఆటలా చేయిస్తే బాపు కాదనరు.

తోడు అంటే సంచి మోసే మనిషి కాదు

తోడుగా ఎవరు వెళ్లాలి? చుట్టాల అబ్బాయి, కాలనీలో రిటైరైన టీచరు, డిగ్రీ చదివే పిల్లలు, డబ్బు తీసుకుని వచ్చే నమ్మకమైన మనిషి, ఎవరైనా సరే. వాళ్ల పని ఏమిటో ముందే చెప్పడం ముఖ్యం. వాడుతున్న మందులన్నీ, వేరే డాక్టరు రాసినవీ, ఆయుర్వేదం, నొప్పి మాత్రలతో సహా ఒకే సంచిలో తేవాలి. డాక్టరు చెప్పింది రాసుకోవాలి. పెద్దవాళ్లకు వినికిడి తగ్గి ఉంటుంది. వినబడకపోయినా తలూపుతారు. "సగం మాత్ర" అన్నది "రెండు మాత్రలు"గా ఇంటికి చేరిందంటే చిక్కే. కొత్తగా ఏ మందు వచ్చింది, ఏది ఆపమన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు: ఈ మూడూ అక్కడే రాసుకుని, డాక్టరుకు చదివి వినిపించి, పిల్లలకు ఫొటో పంపాలి.

ఇంకో మాట. చాలామంది డాక్టర్లు, తోడు వచ్చినవారు కూడా, పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉండగానే "ఈయనకు మోషన్ అవుతోందా?" అని పక్కవారిని అడుగుతారు. ఆయన్నే అడగమనండి. ఆడవాళ్లకైతే ఆడమనిషే తోడు వెళ్లడం మేలు. మూత్రం ఆగడం లేదన్న సంగతి పక్కింటబ్బాయి ముందు ఏ అమ్మా చెప్పదు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. "బాబాయి ఎట్లాగూ హనుమకొండ పోతడు కదా" అని ఊరికే పని చెప్పడం రెండుసార్లే నడుస్తుంది. ఆటో అతనికి వెయిటింగుతో సహా ముందే మాట్లాడి మీరే ఫోన్లో పంపేయండి. ఎప్పుడూ ఒకే ఆటో అయితే ఇంకా మంచిది. అతనికి ఇల్లు తెలుస్తుంది, మెట్టు దగ్గర చెయ్యి ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది. మీ వీధిలో ముగ్గురికి ఒకే వారం డాక్టరు పని ఉంటే, ఒకే రోజుకు అపాయింట్‌మెంట్లు తీసుకుని కారు మాట్లాడుకోవచ్చు. ఖర్చు మూడు భాగాలవుతుంది, ముగ్గురికీ మాట్లాడే మనిషి దొరుకుతారు. డబ్బులిచ్చి పెట్టుకునే మనిషైతే ఆధార్ నకలు తీసుకుని, ఒక చుట్టం సమక్షంలో పరిచయం చేయండి. ఏటీఎం కార్డు, పిన్, ఫోన్లో వచ్చే ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి.

కొన్ని ప్రయాణాలు అసలు చేయక్కర్లేదు కూడా. పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. తపాలా శాఖ మనిషి ఇంటికి వచ్చి కూడా చేస్తారు. 70 ఏళ్లు దాటినవారికి, నడవలేనివారికి ఇంటి వద్దే బ్యాంకు సేవలందించే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. అడగనిదే ఎవరూ గుర్తు చేయరు, అడగండి. మామూలు సలహాకు ఈ-సంజీవని ద్వారా ఫోన్లో డాక్టరుతో మాట్లాడొచ్చు. ఇలా తప్పించిన తిరుగుడు ఓపికను కంటి పరీక్షకు, గుండె పరీక్షకు దాచిపెట్టండి.

కొడుక్కి ఫోన్ తర్వాత, ముందు 108

రాత్రి పూట మూతి పక్కకు పోతుంది, ఒక చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. అమ్మ ఏం చేస్తుంది? కొడుక్కి ఫోన్ చేస్తుంది. కొడుకు తెలిసినవాళ్లకు చేస్తాడు. వాళ్లు కారు వెతుకుతారు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పని చేస్తుంది. అదీ స్కానింగ్ చూశాకే ఇస్తారు. పరకాల నుంచి వరంగల్ చేరే సమయాన్ని అందులోంచి తీసేయండి. అందుకే ముందు 108. చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో ఆ టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. ఛాతీ నొప్పికీ అంతే. 108, ఆటో అతని నంబరు, పక్కింటి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఫోన్లో ఎక్కడో దాగిన నంబరు ఆ గాభరాలో దొరకదు.

అత్యవసరం కాని సాయానికి 14567 ఉంది. పెద్దల కోసం నడిచే ఎల్డర్‌లైన్ ఇది. దేశమంతటికీ విస్తరించకముందే మన తెలంగాణలో మొదలైంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడతారు. వాళ్లు కారు పంపరు. పింఛను, ఆసుపత్రి, చట్టం సంగతులు చెబుతారు, మనసు బాగోలేకపోతే వింటారు, ఇంట్లో వేధింపులుంటే జోక్యం చేసుకుంటారు. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. పరకాల రెవెన్యూ డివిజన్ కేంద్రమే కాబట్టి అందుకు ఊరు దాటే పని లేదు.

డాక్టరు పని లేని రోజుల్లో

నెలకు ఒక రోజు ఆసుపత్రి అనుకుంటే, మిగతా 29 రోజుల మాటేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక, లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారని చెప్పింది. గుండెజబ్బుకూ, పక్షవాతానికీ, మతిమరుపుకూ ఒంటరితనంతో ముడి ఉందని కూడా చెప్పింది. బ్రిటన్‌లో పెద్దవాళ్లతో ఫోన్లో కబుర్లు చెప్పడానికే సిల్వర్‌లైన్ 2013లో మొదలైంది. ముంబయిలో పెద్దవాళ్లకు కుర్రాళ్లను తోడుగా పంపే గుడ్‌ఫెలోస్ సంస్థలో 2022లో రతన్ టాటా పెట్టుబడి పెట్టారు. అలాంటిది పరకాల దాకా వచ్చేవరకు ఆగక్కర్లేదు. మనకు అరుగులున్నాయి, గుడి ఉంది, పొద్దుటి నడక బృందాలున్నాయి. మానేసిన మనిషిని మళ్లీ అక్కడికి తీసుకెళ్లే ఒక చెయ్యి కావాలి, అంతే.

కొందరు పిల్లలు ఇంట్లో కెమెరా పెట్టించి నిశ్చింతగా ఉంటారు. పడిపోతే తెలుస్తుందన్నది నిజమే. కానీ అమ్మ పొద్దంతా ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి ఆ తెర మీద కనబడదు. చేదోడుకు కుదిర్చిన మనిషి వారంలో రెండు రోజులు ఊరికే వచ్చి కూర్చునేలా మాట్లాడుకోండి. ఏం మాట్లాడాలంటారా? 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద తూటాలు పేలాయి. అమరధామం కట్టింది వాళ్ల గుర్తుగానే. 85 దాటినవారిలో ఆ రోజును చూసినవారో, మరునాడు ఇంట్లో విన్నవారో ఇంకా ఉంటారు. ఒక సాయంత్రం ఆటోలో అక్కడికి తీసుకెళ్లి అడగమనండి.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు "డాక్టరు దగ్గరికి పోయినవా" అని కాకుండా, "ఎవరితోని పోయినవు బాపూ? ఏ ఆటోల పోయిన్రు?" అని అడిగి చూడండి. జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైతే తేదీ మీరే ఖాయం చేసి, ఆటో అతనికి ఫోన్ చేయండి.