కలలో వచ్చిన పేరు బిడ్డకు పెట్టొచ్చా?

మన ఇళ్ళల్లో పేర్లు కొన్ని దారుల్లోనే వస్తాయి. అవ్వ తాతల పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, నక్షత్రం చూసి అయ్యవారు చెప్పిన అక్షరంతో మొదలయ్యే పేరు. వీటి పక్కన ఇంకో దారి కూడా ఉంది, అదే కల. కడుపుతో ఉన్నామెకు కలలో పాము కనిపిస్తే నాగమ్మ, నాగరాజు, సుబ్బమ్మ, సుబ్రహ్మణ్యం అని పెట్టేస్తారు. పోయిన తాత కలలోకొస్తే ఆయనే మళ్ళీ పుడుతున్నాడని ఆయన పేరే పెడతారు. ఈ పేర్లతో తకరారు లేదు, ఎందుకంటే ఊళ్ళో పదిమందికి అవే ఉంటాయి. ఎవ్వరికీ లేని పేరు కలలోంచి వస్తేనే ఇంట్లో వాదన మొదలయ్యేది.

కలను బట్టి పేరు పెట్టడం చాలా పాతది. జైనుల మొదటి తీర్థంకరుడి తల్లి మరుదేవికి కలల్లో మొదట ఎద్దు కనిపించిందట, అందుకే కొడుకు ఋషభుడయ్యాడని చెప్తారు. ఋషభం అంటే ఎద్దే కదా. బెంగాల్లో ఖుదీరామ్ చటోపాధ్యాయ అనే ఆయన గయకు యాత్ర వెళ్ళినప్పుడు, అక్కడి విష్ణువు గదాధరుడు కలలో కనిపించి నీ ఇంట్లో పుడతానన్నాడని కథ. 1836లో పుట్టిన ఆ బిడ్డకు గదాధర్ అనే పేరు పెట్టారు. మనకు ఆయన రామకృష్ణ పరమహంసగా తెలుసు.

ఇంకో కథ మన విషయానికి మరీ దగ్గర. కలకత్తాలో భువనేశ్వరీదేవి కొడుకు కోసం కాశీలోని వీరేశ్వర శివుడికి మొక్కుకుంది. శివుడు ధ్యానంలోంచి లేచి తన బిడ్డగా వస్తున్నట్టు కల వచ్చింది. 1863లో కొడుకు పుడితే వీరేశ్వర్ అనే పేరు అనుకుంది. ఇంట్లో అది బిలే అనే ముద్దుపేరయింది. బయటి లోకానికి మాత్రం నరేంద్రనాథ్ అని పెట్టారు. ఆ అబ్బాయి పెద్దయ్యాక వివేకానంద అయ్యాడు. చూడండి, అమ్మ కలకు ఒక పేరు, బడికి ఒక పేరు, చివరికి తన దారికి ఇంకో పేరు. ఒకటి ఇంకోదాన్ని తోసెయ్యలేదు.

మన నామకరణంలోనూ ఈ ఏర్పాటు ఉంది. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేటప్పుడు చాలా ఇళ్ళల్లో ఒక్క పేరుతో ఆపరు. మాసనామం, నక్షత్రనామం, అందరూ పిలిచే వ్యవహారనామం అని వేరువేరుగా రాస్తారు. కలలో వచ్చిన పేరుకు అక్కడ చోటు దొరుకుతుంది. అది సర్టిఫికెట్‌లోకి కూడా ఎక్కాలా అన్నది వేరే ప్రశ్న.

అసలు ఆ నెలల్లో కలలు అంత గట్టిగా ఎందుకు గుర్తుంటాయి? కడుపుతో ఉన్నప్పుడు నిద్ర మాటిమాటికీ చెదురుతుంది. కల నడుస్తుండగానే మెలకువ వస్తే అది మనసులో నిలుస్తుంది. పుట్టబోయే బిడ్డ గురించే రోజంతా ఆలోచన కాబట్టి కలలోనూ ఆ బిడ్డే వస్తుంది. అది దేవుడి మాటో కాదో ఎవరి నమ్మకం వాళ్ళది. ఆ తల్లి మనసులోంచి వచ్చిందన్నది మాత్రం నిజం. అందుకే నవ్వి తీసిపారెయ్యకూడదు.

మా పెద్దమ్మ కూతురికి ఏడో నెలలో, జడ నిండా మొగలిరేకులు పెట్టుకున్న పాప కలలో కనిపించింది. ఆడపిల్ల పుడితే కేతకి అని పెడతానంది. మొగలిపువ్వుకు సంస్కృతంలో అదే పేరు. మా అవ్వ ఒప్పుకోలేదు. "శివుడు వద్దన్న పువ్వు పేరు బిడ్డకెందుకే?" అంది. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి, శివపూజకు పనికిరాకుండా పోయిన పువ్వు అది, ఆ కథ అవ్వకు బాగా తెలుసు. అక్క ఊరుకుంటుందా! "అంత వాసన ఉండే పువ్వు ఇంకోటి చెప్పు చూద్దాం" అంది. ఇక్కడ వింతగా వినిపించే ఆ పేరు మహారాష్ట్రలో మామూలుగా పెట్టుకునేదే. అంటే వింత పేరులో లేదు, ఊరిని బట్టి ఉంది.

తమిళనాట ఉండే మనకు ఇంకో సంగతి ఉంది. తమిళంలో త, ద లకు ఒకటే అక్షరం, క, గ లకూ ఒకటే. మాట నడుమ వస్తే మెత్తగా పలుకుతారు. కేతకి అని రాస్తే కేదగి అని చదువుతారు. కన్నడంలో మొగలిని కేదగె అంటారు కాబట్టి పువ్వు పువ్వుగానే మిగిలింది, నష్టం లేదు. అన్ని పేర్లకూ అంత అదృష్టం ఉండదు. గాథ అని ముచ్చటపడి పెడితే హాజరు పట్టీలో కాదా అయి కూర్చుంటుంది. అందుకే పేరు ఖాయం చేసే ముందు తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో రాసి, ఆ పేరు ఎరగని వాళ్ళ చేత చదివించండి. ఇంటిపేరు ఎలాగూ మనకు ఇనిషియల్‌లో కూడా మిగలడం లేదు. పిల్ల మోసేది ఈ ఒక్క పేరే.

తొందర కూడా అక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో తెలపాలి, పేరు ఖాళీగా ఉన్నా నమోదు చేస్తారు. నమోదైన 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు, తర్వాతైతే రుసుము కట్టాలి. ఒకసారి ఎక్కాక మార్చడమే కష్టం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడి చేరిక నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. అందులోని అక్షరం తప్పయితే అన్నిచోట్లా తిప్పలే.

మా ఇంట్లో చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆడపిల్లయితే తొట్టిలో వేసే రోజు చెవిలో కేతకి అని చెప్తారు, సర్టిఫికెట్‌లో చోటు ఖాళీగా వదిలేస్తారు. రెండు మూడు నెలలు అందరూ ఆ పేరుతో పిలిచి చూస్తారు. అవ్వ నోట కూడా అలవాటుగా వస్తే అదే రాయిస్తారు, రాకపోతే అది అమ్మ పిలుచుకునే పేరుగా ఉంటుంది. కల అమ్మది, పేరు మాత్రం బిడ్డది. రేపు ఆ పిల్ల "నాకు ఈ పేరెందుకు పెట్టారు?" అని అడిగితే చెప్పడానికి మంచి కథ ఉండాలి. హాజరు పిలిచినప్పుడు తలెత్తి పలికేలా ఆ పేరూ ఉండాలి.