గుండెకు తోడు మందులు

ఉదయగిరికి వాయవ్యమున, వెలిగొండల పాదము నానుకొని, ఘటిక సిద్ధేశ్వర క్షేత్రమునకు నెలవై యున్న సీతారామపురపు మెట్టసీమలో గుండెజబ్బు తగిలిన మనిషి యింటికి పోయి చూచినచో రెండు తెగల మందులు ప్రక్కప్రక్కనే కానవచ్చును. ఒక గూటిలో నెల్లూరి డాక్టరు వ్రాసియిచ్చిన బిళ్లల అట్టలు. మరియొక గూటిలో ఏరుమద్ది బెరడు పొడియో, నీడన నెండబెట్టిన మునగాకో, బంధువెవ్వరో నమ్మకముతో తెచ్చియిచ్చిన చూర్ణపు పొట్లమో. నెల్లూరు చేరవలెనన్న గంటల తరబడి బస్సులో పోవలెను. నాటు వైద్యుడన్ననో ఊరిలోనో, పొరుగూరిలోనో ఉండును. ఆకుమందుపై మన జిల్లావారికి గల విశ్వాసమెంత గాఢమో 2021 మే నెలలో కృష్ణపట్నమున ఆనందయ్య కరోనాకని యిచ్చిన ఆకుమందుకై బారులు తీరిన జనమే చెప్పకచెప్పిరి. కావున రెండవ గూటిని తీసివేయుమని రోగితో వాదించుట వృథా. ఆ గూటిలో నుండదగిన దేదో, ఉండరానిదేదో విమర్శించి చెప్పుట మాత్రము అవసరము. ఏలయన, మొదటి గూటిలోని బిళ్లలు మానివేసి రెండవదానినే నమ్ముకొన్నవారును, రెండును కలిపి మ్రింగి అపాయము తెచ్చుకొన్నవారును మన యూళ్లలో లేకపోలేదు.

గుండెజబ్బు పట్టణవాసులదే యను భ్రమ పల్లెలలో నింకను పోలేదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక సంవత్సరకాలమున సంభవించిన మరణముల కారణములను ఇంటింట విచారించి, 2006లో ప్రకటించిన పరిశోధనమున, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే కలిగినవని తేలినది. అంటువ్యాధులవలని మరణము లంతకంటె తక్కువ.

గుండె బలహీనమగుట యనగా నేమి? అది దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనుచు, విశ్రాంతిగా నున్నపుడు సైతము నిమిషమునకు అయిదు లీటర్ల రక్తమును తోడిపోయును. ఆరోగ్యవంతుని గుండెలోని ఎడమ గది, ఒక్కొక్క దెబ్బకు తనలోని రక్తములో సగమునకు మించి వెలికి నెట్టును. ఆ పాలు నూటికి 40కి దిగజారినచో కండ బలము తప్పినదని వైద్యు లెంచుదురు. అప్పుడు ఊపిరితిత్తులలో నీరు నిలిచి వెల్లకిల పండుకొన్నంతనే ఆయాసము వచ్చును; సాయంకాలమునకు కాళ్లు వాచును; ముంగాలి ఎముకపై బొటనవ్రేలితో నొక్కి తీసినచో ఆ గుంట కొంతసేపటి వరకు పూడదు.

ఈ కండకు శక్తి నిచ్చు పదార్థమును గుర్తించిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువాడొక డుండుట ఇచట స్మరింపదగిన విషయము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డు విద్యాలయమున ఫిస్కేతో కూడి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏటీపీ అను పదార్థమును కండలోనుండి వేరుచేసి చూపెను. ఏటీపీ యనునది కండకు చేతిలోని రొక్కము వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ దాచుకొన్న నిల్వ. బలము తప్పిన గుండెలో ఈ రెండింటి నిష్పత్తి తగ్గిపోవుననియు, ఎంత తగ్గిన నంత ప్రమాదమనియు, శరీరమును కోయకయే అయస్కాంత యంత్రములతో కొలిచి తరువాతివారు కనుగొనిరి. సుబ్బారావు 1948లోనే గతించెను గాన ఈ కొలతలను చూచు భాగ్య మాయనకు లేకపోయెను.

నేడు డాక్టర్లిచ్చు బిళ్లలు గుండెను కొరడాతో అదలించి పరుగెత్తించునవి కావు. దానిపై పడు భారమును తగ్గించి, నెమ్మదింపజేసి, కాలక్రమమున కోలుకొననిచ్చునవి. 1987లో ఎనలాప్రిల్, 1999లో స్పైరనోలాక్టోన్, 2019లో డాపాగ్లిఫ్లోజిన్, వీటి నడుమ కాలమున బీటా బ్లాకర్లు, వేలకొలది రోగులపై పరీక్షింపబడి ఆయువును పొడిగించునని ఋజువైనవి. ఆయాసము తగ్గినదని నాలుగు నెలలకే బిళ్ల మానినవారికి జబ్బు మరల తిరుగబెట్టుట వైద్యులందరు నెరిగినదే. తోడు చికిత్స ఏదైనను ఈ పునాదిమీద నిలువవలసినదే.

ఆహారముచేతనే గుండె కుదుటపడిన యుదాహరణ తెలుగుదేశమున లేదా యన్నచో, పెద్దదే యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఉత్తర సర్కారు తీరమున బెరిబెరి యను వ్యాధి ప్రబలి, కాళ్లు పట్టుతప్పి, ఒళ్లు వాచి, గుండె ఉబ్బి మనుష్యులు హఠాత్తుగా చనిపోవుచుండిరి. మాల్కమ్‌సన్ అను స్కాట్లండు వైద్యుడు దానిపై వ్రాసిన గ్రంథము 1835లో మదరాసున అచ్చయినది. కాని కారణ మాయనకు దొరకలేదు. దొరకుటకు దాదాపు నూరేండ్లు పట్టెను. పచ్చిబియ్యమును తెల్లగా పాలిషు పట్టినప్పుడు తవుడుతోపాటు థయమిన్ అను బి1 విటమిను పోవుననియు, ఆ విటమిను లేనిదే కణములు ఆహారమునుండి శక్తిని తీయలేవనియు క్రమముగా తెలియవచ్చెను. జావాలో జాన్సెన్, డొనాత్ అను నిరువురు 1926లో ఆ పదార్థమును తవుడునుండి స్ఫటికములుగా తీసిరి. వడ్లను ఉడికించి దంచిన ఉప్పుడుబియ్యము తిను తమిళ జిల్లాలలో ఈ వ్యాధి అరుదగుటకు కారణ మేమనగా, ఉడికించునప్పుడు తవుడులోని విటమిను గింజలోనికి దిగుచుండెను. సజ్జ, జొన్న, రాగి సంగటి తినుచుండిన మన పడమటి మెట్టసీమవారి భోజనమున సయితము ఆ లోటు లేదు. సన్నబియ్యమునకు లేని గౌరవమును మనమెంతగా కట్టబెట్టితిమో తలచినపుడు నాకు మనస్తాప మగును. బెరిబెరితో ఉబ్బిన గుండెకు థయమిన్ సూది వేసినచో గంటలలోనే, దినములలోనే తేరుకొనుట వైద్యచరిత్రలో చూడదగిన వింత.

ఐతే ఇందుండి తీయవలసిన పాఠమును మితి మీరి తీయరాదు. లోటున్న చోట ఆ లోటును తీర్చినచో గుండె తేరుకొనును. లోటు లేని చోట అదే పదార్థమును గుప్పించిన ప్రయోజన ముండదు. వాపు తగ్గుటకిచ్చు ఫ్యూరోసమైడ్ బిళ్ల మూత్రముతో బి1ను కొంత వెడలగొట్టును గనుక, తిండి సరిగా తినలేని వృద్ధులకు డాక్టరు ఆ విటమినును వ్రాసిన నది సమంజసమే. ఇనుము విషయ మింకను ముఖ్యము. రక్తమున ఇనుము తక్కువైన గుండెరోగులకు నరము ద్వారా ఇనుము నెక్కించినచో ఆయాసము తగ్గి, నడక మెరుగగునని 2009 నుండి పలు పరీక్షలు చూపినవి. నోటిద్వారా ఇచ్చిన ఇనుపబిళ్లతో ఆ ఫలము కలుగలేదని 2017లో మరియొక పరీక్ష తేల్చినది. రక్తహీనత పల్లెలలో, అందునను స్త్రీలలో, సర్వసాధారణమై యుండగా రక్తములోని ఇనుమును కొలుచు పరీక్షను అడిగి చేయించుకొనువారు అరుదు. మునగాకు, బెల్లము మంచివే గాని గుండెరోగి ఇనుపలోటును అవి మాత్రమే తీర్చజాలవు.

పట్టణపు మందుల షాపులలో ఖరీదు పెట్టి కొనబడు కోఎంజైమ్ క్యూ10 సంగతియు చెప్పవలయును. 1957లో ఎద్దు గుండెనుండి తొలుత తీయబడిన ఈ పదార్థము, కణములో ఏటీపీ తయారగు చోట పనిచేయునది. 420 మంది రోగులకు మామూలు మందులతో కలిపి రెండేండ్లు ఇచ్చి చూచిన పరీక్ష 2014లో వెలువడెను. అందు తీవ్రమైన గుండె ఆపదలు ఉత్తుత్తి బిళ్లవారిలో నూటికి 26, క్యూ10 వారిలో 15. ఆశ కలిగించు లెక్కయే. ఐనను పరీక్ష చిన్నది, అంతకంటె పెద్దదానితో స్థిరపడలేదు. కావున వైద్యసంఘములు దీనిని తప్పనిసరి మందుగా నెత్తుకొనలేదు. కూలిపనివాని యింట ఈ డబ్బాకు పెట్టు సొమ్ముతో బీటా బ్లాకరు నెలలు తరబడి వచ్చును. చేతిలో ఒకదానికే సొమ్మున్నచో ఏది కొనవలెనో నాకు సందేహము లేదు.

ఇక ఏరుమద్ది. వాగుల గట్లమీద, నీటి తడి విడువని చోట, బూడిదవన్నె నున్నని బెరడుతో నిటారుగా పెరుగు ఈ చెట్టునే తెల్లమద్ది యనియు, సంస్కృతమున అర్జునమనియు అందురు. హృద్రోగమునకు దీని బెరడును చెప్పినవారిలో వాగ్భటుడు ప్రాచీనుడు. క్షీరపాక విధానము నేటికిని వాడుకలో నున్నది: బెరడు పొడి ఒక పాలు, పాలు ఎనిమిది పాళ్లు, నీళ్లు ముప్పదిరెండు పాళ్లు కలిపి సన్నని సెగమీద నీరంతయు నిగిరి పాలు మాత్రమే మిగులువరకు కాచి, వడగట్టి త్రాగుదురు. వగరుగా, లేత ఎరుపువన్నెతో నుండును. ఇది వట్టి నమ్మకమేనా? 1995లో ఇండోరు వైద్యులు, మందులకు లొంగని 12 మంది గుండెరోగులకు ఈ బెరడు సారమునిచ్చి మేలు కనబడినదని ప్రకటించిరి. పండ్రెండుగురనిన చాల స్వల్పము. 2016లో ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు నూర్గురిపై, ఎవరికి ఏది యిచ్చినది రోగికిని వైద్యునికిని తెలియనీయక, పండ్రెండు వారములు పరీక్షించి, గుండె రక్తమును తోడు బలమున మెరుగుదల కానరాలేదని తేల్చిరి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచువాడు ఏరుమద్ది పనికిమాలినదని యనడు. పని చేయునని ఋజువైనదనియు అనరాదు. డాక్టరుకు చెప్పి, బిళ్లలు మానక, కొలతతో త్రాగువానిని నేను నిందింపను. బెరడు తీయువారు మాత్రము చెట్టు చుట్టును ఒలిచివేయుచున్నారు. అట్లొలిచిన చెట్టు బ్రదుకదు.

మూలికలనుండి గుండెమందు రానే రాదనువారికి విథరింగ్ అను వైద్యుని కథ చెప్పవలయును. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతమున ఒక వృద్ధురాలు వాపుజబ్బుకు ఇరువదింటికి పైగా ఆకులు కలిపి కషాయ మిచ్చుచుండెను. ఆ కషాయమున పని చేయునది ఫాక్స్‌గ్లవ్ అను మొక్క యొక్కటియే యని పసిగట్టి, పదేండ్లు రోగులపై మోతాదును కొలిచికొలిచి, 1785లో ఆయన గ్రంథము ప్రకటించెను. ఆ మొక్క జాతినుండియే నేటి డిజాక్సిన్ వచ్చినది. నాటుమందు శాస్త్రమగుటకు పట్టిన శ్రమ ఇట్టిది. మోతాదుకును విషమునకును నడుమనున్న ఎడము మిక్కిలి సన్నమగుటచేత దానిని నేటికిని జాగ్రత్తగా వాడుదురు. మన పెరళ్లలోని పచ్చగన్నేరు గింజలోను ఇట్టి పదార్థములే కలవు, కాని వాటికి కొలత లేదు. గుండెకు మంచిదని గన్నేరు నెవ్వరు చెప్పినను వినరాదు. అది ప్రాణము తీయును.

తోడు చికిత్సలలో అన్నిటికంటె గట్టి నిదర్శనమున్నది నడక. ఒకనాడు గుండె బలహీనుని మంచముననే ఉంచెడువారు. 2009లో 2331 మంది రోగులపై ముగిసిన పరీక్షలో, పర్యవేక్షణతో చేసిన వ్యాయామము అపాయకరము కాదనియు, రోగుల దైనందిన జీవితమును తేలిక చేయుననియు తేలినది. ప్రక్కవానితో మాటాడుచు నడువగలిగినంత వేగము చాలును; మాట తెగినచో నిలువవలెను. యోగము విషయమున మనదేశమే పెద్ద పరీక్ష చేసినది: గుండెపోటు వచ్చిన 3959 మందికి, 24 ఆసుపత్రులలో, మూడు నెలలలో పదుమూడు పాఠములుగా యోగము నేర్పి చూడగా, మరణములును తిరిగి పోట్లును నిశ్చయముగా తగ్గినవని చెప్పుటకు వీలుకాలేదు, కాని రోగులు తమ పూర్వపు పనులకు మరలుటయు, ఆరోగ్యము బాగున్నదని తామే చెప్పుటయు అధికమాయెను. తేలికైన ఆసనములును నెమ్మదైన శ్వాసయు మేలు. ఊపిరి బిగబట్టు కుంభకమును, తలక్రిందుల ఆసనములును గుండె బలహీనుడు చేయరాదు.

ఉప్పు మాట కఠినమైనది. చింతకాయ తొక్కు, చల్లమిరపకాయలు, అప్పడములు, వడియములు, ఎండుచేపలు లేని భోజనమును మనవారు భోజనమే యనుకొనరు. దినమునకు అయిదు గ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును అవి యిట్టే దాటించును. ఉప్పు మానవలెనని, కొందరు మార్కెట్టులో దొరకు తక్కువ సోడియం ఉప్పు కొందురు. అందు పొటాషియం ఉండును. స్పైరనోలాక్టోన్ వాడువారికిని, మూత్రపిండములు చెడినవారికిని రక్తమున పొటాషియం పెరిగి గుండె లయ తప్పును. వీరు రోజును కొబ్బరినీళ్లు త్రాగుటకు ముందును డాక్టరును అడుగవలెను. కవాటము మార్పించుకొని వార్ఫరిన్ మ్రింగువారు ఒకనాడు గిన్నెడు తోటకూర, మరునాడు లేకుండుటగా గాక, ఆకుకూరలను ఒకే మాదిరిగా తినవలెను. దగ్గుకు వాడు అతిమధురము ఎక్కువైనచో పొటాషియమును పడగొట్టి రక్తపుపోటు పెంచును. వీటన్నిటికంటె పల్లెలో హెచ్చుగా చెరుపు చేయునది మూలిక కాదు; మోకాళ్ల నొప్పికని చీటీ లేకయే కొనితిను డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్ల. అది ఒంట ఉప్పును, నీటిని నిలుపును.

కావున డాక్టరు నొద్దకు పోవునపుడు రెండు గూళ్లలోని మందులను ఒకే సంచిలో వేసికొని పోవలయును. పేరు తెలియని చూర్ణపు పొట్లమును సయితము. కోపపడునేమో యని దాచినచో ఆయన సగము రోగిని మాత్రమే చూచినవాడగును. ఇంటివద్ద ఉదయము మూత్రవిసర్జనానంతరము, ఏమియు తినకముందు, ఒకే తూకపు యంత్రముపై బరువు చూచి గోడ క్యాలెండరులో వ్రాసికొనుట ఏ మూలికకును తీసిపోని తోడు. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది ఒంట పట్టిన క్రొవ్వు కాదు, నిలిచిన నీరు. కాళ్లు వాచువరకు వేచియుండక, ఆనాటి బస్సుకే బయలుదేరవలెను.