బొమ్మకు కట్టిన చీర

పెండ్లి ముహూర్తాలు దగ్గరపడినప్పుడు బందరు, గుడివాడ జవుళి దుకాణాలలో బేరాలకంటె ముందు మొదలయ్యే పని ఒకటి ఉన్నది. గల్లాపెట్టె దగ్గర అగరువత్తి వెలిగించే వేళకే గుమాస్తా ఒకడు అద్దాల అరలోకి దూరి, నిన్నటి చీర విప్పి, నేటి చీర కట్టడం ఆరంభిస్తాడు. కట్టించుకొనేది కదలదు, మెదలదు, కుచ్చిళ్ళు కుదరలేదని విసుక్కోదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు నుండి చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చే దివిసీమ ఆడవారు, మూడు రైలుదారులు కలిసే గుడివాడలో దిగే చుట్టుపట్ల పల్లెలవారు, దుకాణదారు ముఖం చూడకముందు చూసేది ఆ బొమ్మనే. 'అదిగో, ఆ బొమ్మకు కట్టిన చీర తీయండి' అనే మాటతో ఎన్ని బేరాలు మొదలవుతాయో వర్తకులకు తెలియనిది కాదు. చీపురుకట్టకు చీర కట్టినా చూసేవారుంటారని వేళాకోళానికి అంటారు గాని, వేలు పోసి నిలువెత్తు బొమ్మను కొని తెచ్చే వర్తకునికి ఆ మాట పనికిరాదు. బొమ్మ ఎంపికలో పొరపాటు జరిగితే చెడేది బొమ్మ కాదు, చీర.

పాశ్చాత్యులు దీనిని 'మానెకిన్' అంటారు. ఫ్రెంచివారి నోట పడి లోకమంతటా వ్యాపించిన ఈ మాట మొదట డచ్చి సీమది. 'చిన్న మనిషి' అని దాని అర్థం. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో బందరు రేవులో దిగి, ఇక్కడి అద్దకపు బట్టలకోసం అంగలార్చిన డచ్చివారు వారే. ఆ కాలంలో ఐరోపాలో ఒక నగరపు వేషధారణ మరొక నగరానికి తెలియవలసివస్తే చిన్న బొమ్మలకు బట్టలు తొడిగి పంపేవారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో పెద్ద అంగళ్ళు, పెద్ద అద్దాలు వచ్చిన తరువాత ఆ బొమ్మలు మనిషెత్తుకు పెరిగినవి. పారిస్ నగరంలో మైనంతో ముఖాలు పోసి, గాజు కళ్ళు అమర్చి, నిజమైన వెంట్రుకలు నాటేవారు. దీపాల వేడికే ఆ ముఖాలు మెత్తబడి జారేవి. అటువంటి సుందరిని రోహిణీ కార్తెలో బందరు కోనేరు సెంటరులో నిలబెడితే మధ్యాహ్నానికి మిగిలేదేమిటో ఊహించుకోవలసిందే! మైనం పోయి సున్నపుముద్ద, కాగితపు గుజ్జు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గాజుపీచు వచ్చినది. నేడు మన దుకాణాలలో నిలిచినవి ఆ ఫైబరు బొమ్మలు, వాటికంటె చవకైన ప్లాస్టిక్ బొమ్మలు.

అయితే బొమ్మకు బట్ట కట్టే విద్య మనకు పరాయిది కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో చెక్కబొమ్మకు పేలికతో చీర చుట్టని ఆడపిల్ల ఏ ఇంట ఉన్నది? ఇక దివిసీమ శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు సన్నిధిలోనైనా, మరే ఆలయంలోనైనా, ఉత్సవమూర్తికి పట్టుబట్ట కుచ్చెళ్ళు పోసి కట్టే అర్చకుని చేతివాటం చూడవలసినది. మూరెడు విగ్రహానికి బారెడు బట్టను అంచు కనబడేటట్లు, జరీ ముడుచుకోకుండా అమర్చడం ఒక్కరోజులో వచ్చే పని కాదు. ఆ అర్చకుడు విగ్రహాన్ని బట్టి బట్టను మడుస్తాడు. దుకాణంలో ధర్మం దీనికి తలక్రిందులు. ఇక్కడ బట్టయే మూలవిరాట్టు. బొమ్మ పీఠం మాత్రమే. ఈ సంగతి మరచినందువల్లనే బొమ్మలను కొనడంలో సగం పొరపాట్లు జరుగుతున్నవి.

మొదటి పొరపాటు ఎత్తు. విపణిలో దొరికే ఆడబొమ్మలు చాలావరకు పాశ్చాత్యుల గౌనులకోసం తీర్చిన అచ్చులలోనుండి వచ్చినవి. 5 అడుగుల 8 అంగుళాలు, 10 అంగుళాలు ఉంటాయి. దానికితోడు ఎత్తుమడమల చెప్పులు తొడిగినట్లు పాదాలు మునివేళ్ళమీద లేచి ఉంటాయి. తెలుగుదేశపు స్త్రీ సగటు ఎత్తు 5 అడుగులు, ఒక అంగుళం అటో ఇటో. చీర పన్నా 45 అంగుళాల చుట్టుప్రక్కల. ఆ పొడుగరి బొమ్మకు నడుము దగ్గర దోపి కడితే కుచ్చిళ్ళు నేలను అందవు, చీలమండలు బయటపడతాయి. అది కప్పిపుచ్చడానికి గుమాస్తా చీరను తుంటి క్రిందికి దించి కడతాడు. చూసిన చెల్లెమ్మ అదే చీర ఇంటికి పోయి కట్టుకొని, అద్దంలో చూసుకొని, ఇది ఆ చీర కాదేమోనని శంకిస్తుంది. చీర అదే, మనిషే వేరు.

కనుక చీరలు అమ్మే దుకాణానికి పొట్టి బొమ్మ, అరికాలు నేలను తాకే బొమ్మ, తుంటి కొంచెం వెడల్పుగా ఉన్న బొమ్మ మేలు. ఎడమ మోచేయి స్వల్పంగా వంగి ఉంటే పైట దానిమీదుగా జారి కొంగు నేత అంతా కనబడుతుంది. చేతులు భుజం దగ్గర ఊడివచ్చేవిగా ఉండకపోతే జాకెట్టు తొడగడమే గండం. నిలబెట్టే కడ్డీ పిక్కలో దిగేదైతే చీర చాటున మరుగుపడుతుంది. ఇవన్నీ కొనేనాడు చేతితో ఊడదీసి, తిరిగి అమర్చి చూడవలసినవి. పటం చూసి కొనవలసినవి కావు.

రెండవది రంగు. కృష్ణాతీరంలో ఎండలో నాట్లు వేసే చేతులకు, చెరువుగట్టున చేపలు అమ్మే చేతులకు ఆ పాలమీగడ రంగు ఎక్కడినుండి వచ్చునో బొమ్మలు పోసేవారికే తెలియాలి. ఇది అభిమానపు మాట మాత్రమే కాదు, వ్యాపారపు మాట కూడ. తెల్లని ఒంటిమీద వెలిగిన లేతరంగు చామనచాయ ఒంటిమీద మరొక విధంగా కనబడుతుంది. ముదురు ఎరుపు, ఆవపువ్వు పసుపు చామనచాయమీదనే నిండుగా ఉంటాయి. కొనేవారి రంగుకు దగ్గర రంగు వేయించడానికి పెద్ద ఖర్చు లేదు. తల లేని బొమ్మలైతే ముఖపు రంగు పెచ్చులూడే బాధ తప్పుతుంది. అయితే తల లేని దానికి పెండ్లిచీర కట్టడానికి మనసొప్పని పెద్దలు ఉంటే వారిని నవ్వవలసిన పని లేదు.

కుట్టిన దుస్తుల విషయంలో మరొక విద్య ఉన్నది. ముందునుండి చూస్తే చొక్కా అచ్చుగుద్దినట్లు అమరుతుంది. వెనుకకు పోయి చూస్తే మిగులుబట్ట అంతా మడిచి, డజను గుండుసూదులు. కొందరు దీనిని నైపుణ్యమంటారు. సరైన కొలత చొక్కా తీసి తొడగడం అంతకంటె సులువు. కొన్నవాడు మరునాడు తిరిగి రాకుండా ఉండడం అంతకంటె లాభం.

ఆ గుండుసూదుల సంగతి ఇంకొంచెం చెప్పుకోవలసి ఉన్నది. బందరుది ఉప్పుగాలి. ఇనుము ఏదైనా ఇక్కడ తొందరగా తుప్పుపడుతుంది. బొమ్మ కడ్డీ, పీఠపు రేకు, సూదులు అన్నీ. మామూలు బట్టమీద తుప్పు ఎర్రని మరక అవుతుంది. కాని బందరుకు సుమారు 10 కిలోమీటర్ల దూరాన ఉన్న పెడన కలంకారీ బట్టమీద, అందులోను పాత పద్ధతిలో తీర్చిన బట్టమీద, అది నల్లని మరక కాగలదు. కారణం విచిత్రం. అద్దకానికి ముందు ఆ బట్టను కరక్కాయ రసంలో ముంచుతారు. బెల్లపు నీళ్ళలో తుప్పు ఇనుము నానవేసి పులియబెట్టి, ఆ ద్రవాన్ని చెక్క అచ్చుతో అద్దితే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లరంగు పుడుతుంది. కలంకారీలో నల్లగీత పుట్టేది ఇట్లాగే. పెడన పనివాడు కోరి చేసే ఆ పనినే, చెమ్మ పట్టిన తుప్పుసూది కోరకుండా చేసిపెడుతుంది! తుప్పుపట్టని స్టీలు సూదులు వాడడం, కడ్డీకి నూలుగుడ్డ చుట్టడం ఈ తీరపు దుకాణాలలో విధి.

సూదికంటె పెద్ద శత్రువు ఎండ. పటిక అద్ది, వేరురంగులో ఉడికించిన ఎరుపు గట్టిది. నీలి కూడ కొంతకాలం నిలుస్తుంది. పూలనుండి, కాయలనుండి తీసే పసుపు రంగులే సుకుమారాలు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోను, హాలెండులోను కోరమాండల్ తీరపు పాత అద్దకపు బట్టలు భద్రంగా ఉన్నవి. హాలెండు ఉత్తరాన హిండెలోపెన్ అనే రేవు పట్టణపు స్త్రీలు ఆ బట్టతో పొడుగుపాటి అంగీలు కుట్టించుకొనేవారు. అటువంటి బట్టలలో తీగెల ఆకులు చాలాచోట్ల నీలంగా కనబడతాయి. పనివాడు నీలి ఆకులు వ్రాయలేదు. ఆనాడు నీలిమీద పసుపు పూసి ఆకుపచ్చ తెప్పించేవారు. కాలక్రమాన పసుపు ఎగిరిపోయి నీలి మాత్రం మిగిలినది. ఇప్పుడు అక్కడివారు ఆ అంగీలను దూది మెత్తలు కుట్టిన బొమ్మలకు తొడిగి, 50 లక్సుల మసక వెలుగులో, అదీ కొద్ది నెలలు మాత్రమే ప్రదర్శిస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. అంటే లెక్కకు ఆ మ్యూజియంలో 2000 గంటల వెలుగు, మన పడమటి అద్దంలో ఒక్క గంటలో పడుతుందన్నమాట. అద్దం కొంత ఆపినా అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపదు. ఒకసారి పోయిన రంగు నీడలో పెట్టినా తిరిగి రాదు.

దూరదేశంవారు 300 ఏండ్లనాటి మన బట్టను అంత అపురూపంగా చూస్తుండగా, ఆ బట్ట పుట్టిన తాలూకాలోనే క్రొత్త బట్టను నెలల తరబడి ఎండకు నిలబెట్టి, ముందు భాగం వెలసి, వెనుక మడతలు ముదురుగా మిగిలిన తరువాత 'ఇది పెడన సరుకు, రంగు నిలవదు' అని కొన్నవారికి చెప్పడం న్యాయమా? రంగు నిలవకపోవడానికి అద్దకపువాడు ఎంత కారణమో, అద్దం ఎంత కారణమో విడదీసి చూడవలెను. పెడనలో నేడు రసాయనపు రంగులు, తెరల ముద్రణ కూడ బాగా పెరిగినవి. చెట్టురంగుల పని చేసేవారికి మిగిలిన ఆస్తి ఆ పేరు ఒక్కటే. ఆ పేరు అద్దాల అరలో కాలిపోతే తిరిగి అద్దుకొనే అచ్చు లేదు.

అందుచేత చెట్టురంగుల చీరను ఎండ తగలని లోపలి బొమ్మకే కట్టవలెను. వీధివైపు బొమ్మకు రంగు గట్టి మిల్లుబట్ట చాలు. ఏ చీరనైనా వారం దాటి ఉంచరాదు. ఉంచిన చీరను ఉంచినదని చెప్పి, ధర తగ్గించి అమ్మితే కొనేవారు సంతోషంగానే కొంటారు. పట్టుచీరకు సూదులు నేతలో గుచ్చక, మడత అంచున పట్టుకొమ్మెలు పెట్టడం మంచిది. బొమ్మ నడుముకు నాడా గట్టిగా బిగించి కడితే సగం సూదుల అవసరమే రాదు.

చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు మెడవరకే ఉండే మఖమలు బొమ్మలు వాడతారు. వాటి కథ చిన్నది: మఖమలు చెమ్మను పట్టి ఉంచుతుంది, చెమ్మ పూతను మసకబరుస్తుంది. రాత్రి నగలు తీసి పెట్టెలో పెట్టి, బొమ్మను గాలికి ఆరబెడితే చాలు.

బొమ్మ శుభ్రతకు పొడిగుడ్డ, అవసరమైతే సబ్బునీట తడిపి పిండిన గుడ్డ. కిరసనాయిలు, థిన్నరు తగిలితే దుమ్ముతో పాటు చర్మమూ ఊడుతుంది. ఫైబరు పగిలితే అతికించవచ్చు. ప్లాస్టిక్ ఎండకు పెళుసైతే మందు లేదు. చేతులు మార్చేవేళ ఏ చేయి ఏ బొమ్మదో లోపల అంకె వేసుకోవడం మేలు, లేనిచో దసరా రద్దీలో ఒక బొమ్మకు రెండు కుడిచేతులు వచ్చి వీధి పిల్లలకు వినోదం కలుగుతుంది. దాచే బొమ్మకు ప్లాస్టిక్ సంచి తొడిగితే లోపల చెమ్మ ఊరి బూజు పడుతుంది. పాత నూలుచీర కప్పవలెను. దీపావళి బేరాలు, తుఫాను హెచ్చరికలు ఒకే ఋతువులో వచ్చే తీరం ఇది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన సంగతి తెలిసినవారు, హెచ్చరిక వినబడగానే ముందు మనుషుల సంగతి చూసుకొని, తరువాత వీలుంటే చీరలను మేడమీదికి చేరుస్తారు. బొమ్మలు క్రింద ఉన్నా ఫరవాలేదు. అవి తడిసినా ఆరుతాయి.

రాత్రి తొమ్మిది గంటలకు బేరాలు సద్దుమణిగిన తరువాత గుమాస్తా మళ్ళీ అద్దాల అరలోకి వస్తాడు. సూదులు ఒక్కొక్కటి లెక్కపెట్టి డబ్బాలో వేస్తాడు. చీర విప్పి, పాత మడతల గీతలు తప్పించి క్రొత్త మడతలు వేస్తాడు. ఒకే మడతమీద పదేపదే నలిగిన పట్టు అక్కడే చీలుతుంది గదా. చీర బీరువా చేరుతుంది. పాత నేతచీర ఒకటి దులిపి బొమ్మ తలమీదుగా కప్పి, అతడు దీపం ఆర్పుతాడు.